పాప రిపోర్టులో మ్యాథ్స్ 42. ఫెయిలైనట్టా?

కేఆర్‌పురం అమ్మ:
సాయంత్రం నుంచి ఈ రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. స్కూల్లో బయటి సంస్థతో టెస్టు పెట్టించారు. మ్యాథ్స్ 42, ఇంగ్లిష్ 35. పోయినసారి మ్యాథ్స్ 48 ఉండేది. స్కూల్ వాళ్లను అడిగితే వచ్చే నెల పేరెంట్స్ మీటింగ్‌లో చెప్తామన్నారు. రోజూ నేనే దగ్గర కూర్చోబెట్టి చదివిస్తాను, ఎక్కాలు గడగడా చెప్తుంది. ఈయనేమో రేపే ట్యూషన్‌లో చేర్పిద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు?

బెల్లందూర్ బాబాయ్:
ఏ క్లాసు? ఏ బోర్డు? 42 పక్కన ఏం రాసుంది?

హెబ్బాళ మాస్టారు:
అమ్మా, అసలు పసిపిల్లలకు ఈ పరీక్షలెందుకు? విద్యాహక్కు చట్టం 30వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డా బోర్డు పరీక్ష పాసవ్వాల్సిన పనిలేదు. 2019 సవరణతో 5, 8 తరగతులకు పరీక్షలు పెట్టుకోవచ్చన్నారు. మన కర్ణాటకలోనే చూడండి, 5, 8, 9 తరగతులకు బోర్డు తరహా పరీక్షలు పెడితే గొడవ కోర్టులకెక్కింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఫలితాల మీద స్టే ఇచ్చింది. పరీక్ష రాసేసిన పిల్లల టెన్షన్ ఎవరు తీర్చారు?

బెల్లందూర్ బాబాయ్:
అది స్టేట్ సిలబస్ సంగతి. ఆవిడ అడిగింది వేరు.

కేఆర్‌పురం అమ్మ:
మూడో తరగతి, సీబీఎస్ఈ. 42 పక్కన పర్సంటైల్ అని ఉంది.

మారతహళ్లి సుబ్బు:
పర్సంటైల్ అన్నా శాతమన్నా ఒకటే కదా. 35 వచ్చింది కాబట్టి పాసే, వదిలేయండి.

వైట్‌ఫీల్డ్ టీచరమ్మ:
ఒకటి కాదండీ. 42 పర్సంటైల్ అంటే, ఆ టెస్టు రాసిన అదే తరగతి పిల్లలు వందమందిని తీసుకుంటే సుమారు 42 మంది కంటే పాప బాగా చేసిందని. నూటికి 70 మార్కులొచ్చినా, మిగతావాళ్లు ఇంకా బాగా రాస్తే 42 పర్సంటైలే వస్తుంది. ఇందులో పాస్, ఫెయిల్ ఉండవు. ఇక 48 నుంచి 42 అంటారా, పిల్లల్లో చాలామంది మధ్యలోనే గుంపుగా ఉంటారు. అక్కడ ఒకటి రెండు ప్రశ్నలు అటూఇటూ అయితే చాలు, ఈ అంకె అంత మారిపోతుంది. దాన్ని చూసి పాపను ఏమీ అనకండి.

మారతహళ్లి సుబ్బు:
జేఈఈలో పర్సంటైల్‌తోనే సీట్లు ఇస్తున్నారు కదా మేడమ్?

వైట్‌ఫీల్డ్ టీచరమ్మ:
అక్కడ సీట్లు తక్కువ, పోటీపడేవాళ్లు ఎక్కువ. అందుకే వరసలో ఎక్కడున్నారో చూస్తారు. మూడో తరగతి పాపకు ఏం వచ్చో, ఏం రాదో తెలియాలి. రిపోర్టులో అంశాలవారీ పేజీ ఉంటుంది, కూడికలు ఎలా ఉన్నాయి, వర్డ్ ప్రాబ్లమ్స్ ఎలా ఉన్నాయి?

కేఆర్‌పురం అమ్మ:
కూడికలు, తీసివేతలు ఆకుపచ్చలో ఉన్నాయి. వర్డ్ ప్రాబ్లమ్స్ ఎరుపు. పోయినేడే చిత్తూరు నుంచి వచ్చాం. అక్కడ పేరుకు ఇంగ్లిష్ మీడియమే గానీ టీచరు తెలుగులోనే చెప్పేవారు.

వైట్‌ఫీల్డ్ టీచరమ్మ:
ఇది ముందే చెప్పాల్సిందండీ! రేపు ఒక లెక్క ఇవ్వండి. బస్సులో 45 మంది ఉన్నారు, స్టాపులో 18 మంది దిగారు, 7 మంది ఎక్కారు, ఇప్పుడెంతమంది? ముందు ఇంగ్లిష్‌లో రాసిచ్చి పైకి చదవమనండి, తర్వాత అదే తెలుగులో చెప్పండి. తెలుగులో చేసేస్తే లెక్కలకు ట్యూషన్ దండగ.

హెబ్బాళ మాస్టారు:
అందుకే మొదట మాతృభాషలోనే చెప్పాలంటాను. తల్లిదండ్రులు ఎక్కాలు బట్టీ పట్టించడం మానేసి పిల్లలతో మాట్లాడాలి.

బెల్లందూర్ బాబాయ్:
ఎక్కాలు రాకపోతే లెక్కెలా చేస్తారండీ? రెండూ కావాలి.

మారతహళ్లి సుబ్బు:
మావాడు అబాకస్‌లో ఉన్నాడు, బాగానే చేస్తున్నాడు.

కేఆర్‌పురం అమ్మ:
ఇప్పుడే చేయించాను. తెలుగులో చెప్పగానే 34 అంది. ఇంగ్లిష్‌లో ‘గాట్ ఆఫ్’ దగ్గర ఆగి, మూడంకెలూ కూడేసింది. ఈయనకు కూడా చూపించాను. థాంక్స్ అండీ, పడుకోబెట్టాలి.

మారతహళ్లి సుబ్బు:
మేడమ్, మూడో తరగతికి కన్నడ చెప్పేవాళ్లు మారతహళ్లి వైపు ఎవరైనా ఉన్నారా?