ఉద్యోగుల ఆరోగ్యం మీద ఖర్చు: సీఎఫ్ఓ ముందు ఏ లెక్క నిలబడుతుంది?

నీలిసిరా:
నేను హెచ్ఆర్‌లో పనిచేస్తాను. వచ్చే ఏడాది బడ్జెట్‌లో కౌన్సెలింగ్‌కీ, నడుం నొప్పి, మైగ్రేన్ లాంటివాటి వైద్యానికీ కొంత డబ్బు అడిగాను. మా సీఎఫ్ఓ గారు, అంటే కంపెనీ డబ్బు లెక్కలన్నీ చూసే పెద్దాయన, ఓపికగానే విన్నారు. విని, నా స్లయిడ్‌లో "ప్రొడక్టివిటీ నష్టం" అన్న గడి మీద పెన్ను పెట్టి "ఇది నా పుస్తకాల్లో ఏ పద్దు కింద ఉందో చూపించండి" అన్నారు. ఇన్సూరెన్స్ ప్రీమియం ఆయనకి కనిపిస్తుంది, సిక్ లీవులు కనిపిస్తాయి, కానీ తల పగిలిపోతున్నా సెలవు పెట్టలేక వచ్చి పొద్దుటినుంచీ ఒకే షీటు ముందు కూర్చున్న మనిషి మాత్రం ఆయన లెక్కలో పూర్తి హాజరే. ఫైనాన్స్‌వాళ్లు దీన్ని నిజంగా ఎలా చూస్తారు? ఏం పట్టుకెళ్తే వింటారు?

పద్దులమనిషి:
ఫైనాన్స్‌లో ఉన్నవాడిగా చెప్తున్నాను, ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. మనిషి సగం పని చేసినా జీతం అంతే పోతుంది, రేపు కోలుకుని పూర్తిగా చేసినా అంతే, కాబట్టి "పోయిన గంటలు ఇంటూ గంట జీతం" అని వేసిన అంకె చూడగానే మాకు అనుమానం వస్తుంది, ఎందుకంటే అది చేతికొచ్చే డబ్బు కాదు. కొన్ని పనులు మర్నాడు పూర్తి చేసుకోవచ్చు, అక్కడ నష్టం జీతం కన్నా తక్కువ. ఒక్కరు ఆగితే టీమంతా ఆగే చోట జీతం కన్నా చాలా ఎక్కువ. 2006లో నికల్సన్, పాలీ తదితర ఆర్థికవేత్తలు చూసింది ఇదే: ఆ మనిషి బదులు ఇంకొకరు దొరుకుతారా, పని టీముతో ముడిపడి ఉందా, గడువు మీద నడిచేదా అన్నదాన్ని బట్టి నష్టం మారుతుంది. మీ కంపెనీలో గడువుతో నడిచే టీము ఏదో అక్కడినుంచి మొదలుపెట్టండి. ఓవర్‌టైమ్, తాత్కాలిక సిబ్బంది, ఆలస్యానికి కట్టిన పెనాల్టీ, మానేసినవాళ్ల చోట కొత్తవాళ్లని తీసుకునే ఖర్చు, ఇవన్నీ ఆయన పుస్తకాల్లో ఇప్పటికే ఉన్నవే.

సాక్ష్యంముందు:
పై మాటతో ఏకీభవిస్తాను, ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. "డాలర్ పెడితే మూడు డాలర్లు వెనక్కి" అన్నది స్లయిడ్‌లో పెట్టకండి. 2010లో బేకర్, కట్లర్, సాంగ్ అనే పరిశోధకులు వెల్‌నెస్ ప్రోగ్రాంల మీద, అంటే ఉద్యోగుల చేత వ్యాయామం లాంటి మంచి అలవాట్లు చేయించే కార్యక్రమాల మీద, అంతకుముందు వచ్చిన అధ్యయనాలని కలిపి చూసి డాలరుకి వైద్య ఖర్చులో సుమారు 3.27, గైర్హాజరులో 2.73 డాలర్లు మిగులుతాయని తేల్చారు, అందరూ దాన్నే ఎత్తుకున్నారు. తర్వాత అదే సాంగ్, బేకర్ అమెరికాలో ఒక పెద్ద రిటైల్ సంస్థలో లాటరీ పద్ధతిలో కొన్ని పనిచోట్లు ఎంచి వెల్‌నెస్ ప్రోగ్రాం పెట్టి చూశారు, 2019లో ఫలితం వచ్చింది: 18 నెలల తర్వాత వ్యాయామం లాంటి కొన్ని అలవాట్లు మెరుగయ్యాయని ఉద్యోగులు చెప్పారు గానీ వైద్య ఖర్చులో, హాజరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇలినాయ్ యూనివర్సిటీలో చేసిన ప్రయోగమూ దాదాపు అదే చెప్పింది. మీ సీఎఫ్ఓ ఇవి చదివి ఉంటే మీ మాట అక్కడే ఆగిపోతుంది.

అయితే మీరు అడుగుతున్నది నడక పోటీలకి కాదు, జబ్బుకి వైద్యం. దానికి ఆధారం వేరేగా ఉంది. 2007లో జామా అనే వైద్య పత్రికలో వాంగ్ బృందం రాసిన ప్రయోగం చూడండి. డిప్రెషన్ ఉన్న ఉద్యోగులకి ఫోన్ ద్వారా సాయం అందించి, సరైన చికిత్స దాకా తీసుకెళ్తే, ఏడాదికి రెండు వారాల పనికి సమానమైన గంటలు పెరిగాయి, ఉద్యోగంలో నిలిచినవాళ్లూ ఎక్కువయ్యారు. ఈ ఒక్కటీ తీసుకెళ్లండి చాలు.

షిఫ్ట్‌ఇన్‌చార్జ్:
నాది ఆపరేషన్స్. ఒకచోట సిక్ లీవుల మీద గట్టిగా పట్టుబట్టారు, అంకె తగ్గింది, ఫైనాన్స్‌వాళ్లు సంతోషించారు. జ్వరంతో ఉన్నవాళ్లు సీటుకి రావడం మొదలైంది, పక్కవాళ్లకీ అంటుకుంది, మధ్యాహ్నం తర్వాత పడిన ఎంట్రీల్లో తప్పులు సాయంత్రం ఇంకొకరు కూర్చుని దిద్దాల్సి వచ్చేది. ఆ దిద్దే గంటలు ఎవరూ రాయలేదు. రాయించండి! నెల రోజులు ఒక్క టీములో రాయించినా సరే. ఇంకో మాట, ఎవరికి ఏ జబ్బో ఆ కాగితం మీద ఉండకూడదు. జబ్బు పేరు మేనేజర్ చేతికి పోతుందన్న భయం పుడితే కౌన్సెలింగ్‌కి ఒక్కరు కూడా రారు.

నీలిసిరా:
చాలా థాంక్సండీ. ఆ గడి తీసేస్తున్నాను. గడువు మీద నడిచే టీము ఒకటుంది, అక్కడ ఓవర్‌టైమ్, రీవర్క్, మానేసినవాళ్లు, ఈ మూడింటి లెక్కలూ తీస్తాను. ముందు ఆ ఒక్క టీముకే ఇచ్చి చూద్దామంటే ఒప్పుకుంటారా?

పద్దులమనిషి:
ఒప్పుకునే అవకాశం ఎక్కువ. కాకపోతే అదే రకం పని చేసే ఇంకో టీముని పక్కన పోల్చడానికి పెట్టుకోండి, ఏ అంకె మారితే కొనసాగిస్తారో, ఏది మారకపోతే ఆపేస్తారో మొదలుపెట్టకముందే ఆయనతో కూర్చుని రాసుకోండి. రెండో టీముకి కూడా తర్వాత ఇస్తామని ముందే చెప్పండి, వాళ్లకీ నొప్పులు ఉంటాయి కదా.