అప్‌డేట్: కొత్త ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ మార్చాలా అని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే. కొత్త ల్యాప్‌టాప్‌లో 5400 ఆర్‌పీఎం (నిమిషానికి 5400 చుట్లు తిరిగే నెమ్మది రకం), 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి చాయ్ తాగి వచ్చినా విండోస్ ఇంకా తిరుగుతూనే ఉండేది. విప్పితే వారంటీ పోతుందని నాన్నకు టెన్షన్.

చివరికి డిస్క్ తీయలేదు. "ముందు ఎం.2 స్లాట్ (మదర్‌బోర్డు మీద చిన్న కార్డు లాంటి డిస్క్ గుచ్చే చోటు) ఖాళీగా ఉందేమో చూడు" అని మీలో ఒకరన్నారు చూడండి, అదే పనికొచ్చింది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే అందులో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) వేసుకోవచ్చు, వారంటీకి ఏం కాదన్నారు. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక షాపులో విప్పించాను. స్లాట్ ఖాళీ!

షాపు అన్న సాటా (పాత రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ చాలన్నాడు. అది సెకనుకు 550 ఎంబీ దగ్గరే ఆగిపోతుంది. మాన్యువల్‌లో ఎన్‌వీఎంఈ (అంతకంటే వేగమైన రకం) అని చూపించి అదే తీసుకున్నాను, 500 జీబీది. తీరా స్లాట్‌లో గుచ్చాక బిగించడానికి స్క్రూ లేదు. బియ్యపు గింజంత స్క్రూ! అది లేక ఎస్‌ఎస్‌డీ ఒక కొస పైకి లేచి నిలబడింది. పాపం, షాపు అన్న పాత స్క్రూల డబ్బా టేబుల్ మీద బోర్లించి అరగంట వెతికాడు.

ఇంటికొచ్చి చూస్తే 465 జీబీయే. గుండె ఝల్లుమంది. మోసం కాదట, కంపెనీ కేబీకి 1000 బైట్లని లెక్కేస్తుంది, విండోస్ 1024 అని.

విండోస్ కొత్త దాంట్లో వేశాను. పాత డిస్క్‌లో అక్క పెళ్లి వీడియోలు. ఇప్పుడు చాయ్ పొయ్యి మీద పెట్టేలోపే ఆన్ అవుతోంది.