మూసీ కాలువ కింది చౌడు మడి: ఆవాలు వేస్తే కాడ్మియం పోతుందా?

కాలువకింది మడి:
వలిగొండ పక్కన మూసీ కాలువ కింద రెండెకరాలు. ఇప్పటిదాకా వరి, కొంత పారా గడ్డి. మట్టి పరీక్షలో విష లోహాలైన మొత్తం కాడ్మియం 3 పీపీఎం (కిలో మట్టికి 3 మిల్లీగ్రాములు), సీసం 140, పీహెచ్ 8.2, ఉప్పును చూపే ఈసీ 1.4. ఎండాకాలం పైన తెల్లగా పేరుకుంటది. ఆవాలు, పొద్దుతిరుగుడు లోహాలను లాగేస్తాయట, లోహాన్ని కరిగించే ఈడీటీఏ మందు పోస్తే ఇంకా తొందరగానట. ఎన్ని పంటల తర్వాత పాలకూర పెట్టొచ్చు?

మట్టిలెక్క:
ముందు లెక్క చూడండి. ఎకరంలో పై 20 సెంటీమీటర్ల మట్టి సుమారు 1,000 టన్నులు. 3 నుంచి 1కి దించాలంటే బయటికి పోవాల్సిన కాడ్మియం ఎకరాకు 2 కిలోలు. ఆవాలు ఏపుగా పెరిగి 3 టన్నుల ఎండు మొక్క వచ్చి, అందులో 10 పీపీఎం చేరిందనుకున్నా పంటకు పోయేది 30 గ్రాములే. అరవై పంటలు దాటుతాయి, అదీ కాలువ నీళ్లతో కొత్తగా ఏమీ రాకపోతే. సీసమైతే ఈ పీహెచ్‌లో వేరు దాటి పైకి రావడమే కష్టం.

ఈడీటీఏ జోలికి పోవద్దు. అది సీసాన్ని కరిగిస్తది నిజమే, కానీ మొక్క తాగలేనిదంతా వానకు కిందికి దిగి బావిలో తేలుతుంది.

చౌడుమడి:
పీహెచ్ 8 ఉంది కదా, లోహం కదలదులే అనుకోవద్దు. ఉప్పులోని క్లోరైడ్ కాడ్మియంను పట్టుకుని వేరు దాకా మోస్తుంది. అందుకే చౌడు మడిలో ఆకుకూర మరీ ప్రమాదం. ఆ 1.4 ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలిపి చూసిందైతే, వేరు దగ్గర అసలు ఉప్పు రెండు మూడు రెట్లు ఉంటుంది.

తెల్ల చౌడుకు మురుగు కాలువ, మంచి నీళ్లు కావాలి, జిప్సం కాదు. సోడియం పరీక్షలో కారు చౌడని (సోడియం ఎక్కువున్న చౌడని) తేలితేనే జిప్సం, అదీ గని జిప్సం. ఎరువుల ఫ్యాక్టరీ ఫాస్ఫో జిప్సంలోనే కాడ్మియం ఉండొచ్చు.

ఆముదం చెల్క:
లోహాన్ని లాగడం మానేసి కట్టిపడేయండి. తిండికి పోని పంట కావాలి, మన దగ్గర ఆముదమే దానికి సరి. పట్టిన లోహం ఎక్కువగా వేర్లలోనే ఆగుతుంది.

జూన్ నడుమ నుంచి జూలై లోపు, 90 × 60 సెంటీమీటర్ల దూరంలో, హైబ్రిడ్ అయితే ఎకరాకు రెండు, రెండున్నర కిలోలు. పాలెం వ్యవసాయ పరిశోధన కేంద్రం హైబ్రిడ్ పీసీహెచ్ 111 దొరికితే చూడండి. విత్తనం బోదె నెత్తిన పెట్టొద్దు, ఉప్పు ఎగబాకి అక్కడే చేరి మొలకను చంపుతుంది. బోదె పక్క వాలులో, సగం ఎత్తున పెట్టాలి. దుక్కిలో ఎకరాకు 4 టన్నుల పశువుల ఎరువు. చెరువు మట్టి తోలితే వాన నీటి చెరువుదే తోలండి. గెల వేసేటప్పుడు ముసురు పడితే బూజు తెగులు తప్పదు, దానికి సిద్ధంగా ఉండాలి.

కట్టె పొయ్యిలోకి వద్దు, కాడ్మియం పొగలో లేస్తుంది. ఆకు ఎరి పట్టు పురుగులకు మేతగానూ వద్దు.

నీళ్లు మడిలోకి దిగే చోట ఒండ్రు ఆపడానికి వట్టివేరు రెండు వరసలు: మూడేసి పిలకలు, 15 సెంటీమీటర్ల దూరం, ఆకు 20 సెంటీమీటర్లకు కత్తిరించి. నడుమ సందు పడితే ఒండ్రు అందులోంచే పోతుంది, వెంటనే పూడ్చాలి. కాలువ పూడిక తీసినప్పుడు మడిలో పోయొద్దు, లోహం ఎక్కువగా ఉండేది దాంట్లోనే.

కాలువకింది మడి:
యాసంగిలో ఒక ఎకరం వరి తప్పదన్నా. దానికేం చేయాలి?

మట్టిలెక్క:
ఈనికకు మూడు వారాల ముందు నుంచి ఈనిక తర్వాత మూడు వారాల దాకా నీళ్లు నిలబెట్టండి. నీళ్ల కింద కాడ్మియం గంధకంతో కలిసి గట్టిపడుతుంది, మడి నెర్రెలిస్తే మళ్లీ విడిపోయి గింజకెక్కుతుంది. కరెంటు లేదనో, కాలువ రాలేదనో ఆ రోజుల్లో ఆరబెడితే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. గింజను ఒకసారి పరీక్షకు పంపండి.

మట్టి మళ్లీ తీసేటప్పుడు నీళ్లు దిగే మూల, మడి మధ్య, చివర వేరువేరుగా తీయండి, కలిపితే మూల దోషం కనపడదు. జింక్ పూత బకెట్ వద్దు, ప్లాస్టిక్‌ది వాడండి. మొత్తం లోహంతో పాటు డీటీపీఏ పరీక్ష కూడా అడగండి, మొక్కకు అందేదెంతో దాంట్లోనే తెలుస్తుంది.