కారణం తెలియని ఆలస్యంలో దేవుణ్ణి నమ్ముకోవడం అంటే ఏమిటి?

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

పెద్దలకు నమస్కారం. నాకు పెళ్ళయి 8 ఏళ్ళు అయింది, వయస్సు 33, ఇంకా సంతానం లేదు. విశాఖపట్నంలో మా ఇద్దరికీ చేయవలసిన పరీక్షలన్నీ చేసి, లోపమేదీ కనిపించడం లేదనీ, ఆలస్యానికి కారణం చెప్పలేమనీ డాక్టరు గారు అన్నారు. ఫలానా జబ్బు అని చెప్పి ఉంటే దానికి మందు వాడుకుంటూ ధైర్యంగా ఉండేదాన్నేమో గాని, కారణమే తెలియదన్న మాట దగ్గర నా మనస్సు నిలవడం లేదు.

ఈ మధ్య మా బంధువుల ఇంట్లో శ్రీమంతం జరిగింది. ముత్తయిదువులు వరుసగా గాజులు తొడుగుతున్నారు. నా వంతు వచ్చేసరికి గాజుల పళ్ళెం నా ముందు నుంచి పక్కావిడ చేతికి వెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక దేవుడి గదిలో కూర్చుని, ఎందుకు స్వామీ అని గట్టిగా ఏడ్చాను. అది విన్న మా అత్తగారు, దేవుణ్ణి అలా నిలదీయకూడదు, నమ్మిన వాళ్ళు ఓపిక పట్టాలి, అన్నిటికీ వేళ రావాలి అన్నారు. ఆవిడ నన్ను కన్నకూతురిలాగే చూసుకుంటారు, అందుకే ఆ మాట మరీ లోపలికి దిగింది. ఎందుకని అడగడం నమ్మకం లేకపోవడమా? దేవుడి మీద భారం వేసిన తరువాత కూడా ఆసుపత్రికి వెళ్ళడం సందేహించినట్టు అవుతుందా?

సమాధానం 1 (మోటు, మల్కన్‌గిరి జిల్లా, రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

అమ్మా, మాది శబరి, సీలేరు నదులు కలిసే ఊరు కనుక, ఓపిక మాట వస్తే మా వైపు మొదట శబరి పేరే చెబుతారు. నీ విషయంలో ఆ పోలిక పూర్తిగా కుదరదని నా అభిప్రాయం. రాముడు నీ ఆశ్రమానికి వస్తాడని తాను సేవించిన మునులు శబరికి చెప్పి మరీ వెళ్ళారు; ఎదురుచూడటానికి ఆమెకు ఒక మాట ఆధారంగా ఉంది. నీకు అలాంటి మాట ఇవ్వగలిగిన వారు ఎవరూ లేరు. కాబట్టి శబరిని చూసి నేర్చుకో అని నీకు చెప్పేవారు ఈ తేడాను కూడా గుర్తుంచుకోవాలి.

నీకు దగ్గరగా ఉన్నది గజేంద్రుడి కథ. మొసలితో వెయ్యేళ్ళు పెనుగులాడి, బలమంతా పోయి, ప్రాణాలు కడబట్టిన వేళ, ఉన్నాడని అందరూ చెప్పే ఆ దేవుడు ఉన్నాడో లేడో అని గజేంద్రుడు అన్నట్టుగా పోతన రాశాడు. అంత పెద్ద సందేహం ఆ భక్తుడి నోటి వెంటే వచ్చింది, అయినా విష్ణువు సిరికి కూడా చెప్పకుండా పరుగెత్తుకుని వచ్చాడు. ఆ పద్యాలను మన పెద్దలు తరతరాలుగా పిల్లలకు కంఠస్థం చేయించారు. అది నాస్తికుల మాట అని ఎవరూ తోసివేయలేదు. భద్రాచలం రామదాసు గోల్కొండ చెరసాలలో ఉండి, చేయించిన నగల లెక్కలు ఒక్కొక్కటిగా చెప్పి రాముణ్ణి నిలదీశాడు. కోపం వచ్చి తిట్టాడు, తిట్టినందుకు క్షమించమని వేడుకున్నాడు. చెప్పుకోవడానికి మరొకరి దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. నిలదీయడానికైనా నువ్వు దేవుడి గదికే వెళ్ళావంటే నీ నమ్మకం చెక్కుచెదరలేదన్నమాట.

మరొక్క సంగతి. పూర్వజన్మ కర్మ అని కొందరు నీతో అనవచ్చు. గజేంద్రుడికీ పూర్వజన్మ శాపం ఉంది, కాని శుకమహర్షి ఆ వృత్తాంతాన్ని పరీక్షిత్తుకు చెప్పింది ఏనుగు విడుదలైన తరువాతే. మడుగులో నెత్తురు కారుతుండగా ఒడ్డున నిలబడి ఎవరూ దానికి కారణాలు వివరించలేదు. బాధలో ఉన్న మనిషికి కారణాలు చెప్పే అధికారం మనకు లేదు.

సమాధానం 2 (బరంపురం, స్టాఫ్ నర్సు)

మాస్టారు గారి మాటలకు నేను కలపగలిగింది కొంచెమే. కారణం తెలియలేదు అంటే ఇక పిల్లలు పుట్టరని అర్థం కాదు చెల్లీ. అండం విడుదల, గర్భనాళాలు, వీర్య పరీక్ష అన్నీ సరిగా ఉన్నా గర్భం రాని దంపతులు చాలామంది ఉంటారు, వారిలో కొందరికి చికిత్సతోనూ, కొందరికి చికిత్స లేకుండానూ సంతానం కలుగుతుంది. అయితే 35 దాటిన తరువాత గర్భం వచ్చే అవకాశం త్వరగా తగ్గుతూ పోతుంది కనుక, వేళ రావాలి అంటూ ఈ రెండేళ్ళు ఊరికే గడపవద్దని గట్టిగా చెబుతున్నాను. చికిత్సలో తరువాతి మెట్టు ఏమిటో, దానికి ఎంత ఖర్చవుతుందో, ఎంతవరకు ప్రయత్నించి ఆగాలో మీరిద్దరూ ముందే మాట్లాడుకోండి. దేవుడు సహాయం చేయాలంటే మందు మానుకోవాలని ఏ శాస్త్రంలోనూ లేదు. దశరథ మహారాజు కూడా చేతులు కట్టుకుని కూర్చోకుండా యాగం తలపెట్టాడు.

సమాధానం 3 (పర్లాకిమిడి)

అమ్మాయీ, నేను మీ ఊరి దాన్నే, వయస్సులో మీ అత్తగారికి ఈడుదాన్ని. పై ఇద్దరూ మంచి మాటలు చెప్పారు గాని, నువ్వు అడగని ప్రశ్న ఒకటి మిగిలింది: చివరికి బిడ్డ కలగకపోతే ఈ ఓపికకు అర్థం ఏమిటి? నాకు కలగలేదు.

శ్రీముఖలింగం మధుకేశ్వరుడి గర్భగుడిలో పెద్ద మట్టి గోలెం ఉంది కదా. సంతానం కోసం మొక్కుకున్న కుమ్మరి ఒకరు దాన్ని చేసి తెచ్చాడనీ, వాకిలి కంటే పెద్దదైన గోలెం స్వామి దయ వల్లనే లోపలికి చేరిందనీ చెబుతారు. ఆ గోలెం ముందు నేనూ మా ఆయనా ఏటేటా నిలబడ్డాం. కొన్నేళ్ళు కోపంతో వెళ్ళడం మానేశాను, తరువాత మళ్ళీ వెళ్ళాను, ఇప్పటికీ వెళుతున్నాను. ఇప్పుడు అక్కడ నేను అడిగేది ఏమీ లేదు. స్వామి నాకు ఇది ఇవ్వలేదన్న సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు; అయినా ఆయన నా దేవుడే. ఈ మాట చెప్పగలగడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, నువ్వు ఇప్పుడే చెప్పాలని నేను కోరను.

మొక్కుల మీద మొక్కులు పెట్టుకోకు. ఉపవాసాలతో ఒంట్లో నీరసం తెచ్చుకోకు. మీ అత్తగారికి ప్రేమ ఉందంటున్నావు కనుక, పళ్ళెం పక్కకు వెళ్ళిన సంగతి ఆవిడకు పూసగుచ్చినట్టు చెప్పు. అది ఆవిడ గమనించి ఉండకపోవచ్చు. మరుసటి పేరంటానికి ఆవిడే నీ పక్కన కూర్చుని, పళ్ళెం అందుకుని నీ చేతికి ఇస్తే, కాదనే ధైర్యం ఆ పేరంటంలో ఎవరికీ ఉండదు.