ఈఈజీ నార్మల్, ఎంఆర్‌ఐ నార్మల్, అయినా తమ్ముడు పడిపోతున్నాడు: వీడియో ఈఈజీ చేయించుకున్నవాళ్ళు చెప్పండి

మడివాళ అక్క
అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తాడు, మాతోనే ఉంటాడు. ఈ మధ్య ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోతున్నాడు. ఒకసారి ఆఫీసు క్యాంటీన్ క్యూలో, మరోసారి ఇంట్లో పళ్ళు తోముకుంటూ. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయని చూసినవాళ్ళు చెప్పారు. ఎవరో తాళాల గుత్తి కూడా చేతిలో పెట్టారట. అరగంట ఈఈజీ (తల మీద తీగలు పెట్టి మెదడు కరెంటు గీతలు తీసే టెస్టు) తీస్తే నార్మల్. ఎంఆర్‌ఐ కూడా నార్మలే. అయినా ఒక డాక్టరుగారు ఫిట్స్ మందు మొదలుపెట్టారు. ఇంకో డాక్టరుగారేమో ఆసుపత్రిలో చేర్చి కొన్ని రోజులు వీడియో ఈఈజీ చేద్దాం, అవసరమైతే అక్కడ మందు తగ్గిద్దాం అంటున్నారు. నార్మల్ వచ్చిన టెస్టునే మళ్ళీ ఎక్కువసేపు చేస్తే కొత్తగా ఏం వస్తుంది? పైగా మందు తగ్గించడమేమిటి? అమ్మ కర్నూలు నుంచి రోజూ ఫోన్ చేసి ఏడుస్తోంది. మాకు ఒకటే టెన్షన్.

తీగల పని
చెన్నైలో ఈఈజీ టెక్నీషియన్‌ని అండీ. రోగం పేరు చెప్పాల్సింది డాక్టర్లు. నేను గదిలో ఏం జరుగుతుందో చెప్తాను.

మామూలు ఈఈజీ 20 నుంచి 30 నిమిషాలు. ఆ కాస్త సేపట్లో మెదడు బుద్ధిగా ఉంటే గీతలు నార్మల్‌గానే వస్తాయి. నిజంగా ఫిట్స్ ఉన్నవాళ్ళలో కూడా మొదటి ఈఈజీలో తేడా కనపడనివాళ్ళు దాదాపు సగం మంది ఉంటారు. అరగంట కిటికీలోంచి చూసి ఈ ఊళ్ళో వానలే పడవు అంటే ఎలా ఉంటుందో, ఒక్క నార్మల్ ఈఈజీ చూసి ఫిట్స్ లేవనడం అలాగే ఉంటుంది.

వీడియో ఈఈజీలో తల మీద సుమారు 20 చోట్ల చిన్న చిన్న ఎలక్ట్రోడ్లు అతికిస్తాం. కొలోడియన్ అనే జిగురు వాడితే ఘాటు వాసన వస్తుంది, పోయేటప్పుడు అసిటోన్‌తో తీస్తాం. పైన గాజుగుడ్డ చుడతాం. ఛాతీ మీద ఈసీజీ తీగ కూడా ఉంటుంది. ఎదురుగా కెమెరా రాత్రీ పగలూ నడుస్తుంది. మనిషి పడిపోయిన ఆ క్షణంలో మెదడు గీత, గుండె గీత, ఒంటి కదలిక మూడూ ఒకే గడియారం మీద దొరకాలి. అందుకే ఇన్ని రోజులు.

మందు తగ్గించేది ఎటాక్ రావడానికే. వినడానికి భయంగానే ఉంటుంది. అందుకే ఆసుపత్రిలోనే చేస్తారు: చేతికి సూది ముందే పెట్టి ఉంచుతారు, మంచానికి రెండు వైపులా కమ్మీలు, ఎటాక్ ఆగకపోతే ఇవ్వాల్సిన ఇంజెక్షన్ పక్కనే. ఇంట్లో మాత్రం మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వరసగా వచ్చే ప్రమాదం ఉంది.

కె.ఆర్.పురం కోడలు
అక్కా, మా మామగారి సంగతి చెప్తాను. నిలబడి ఉండగానే కూలిపోయేవారు, చేతులు అదిరేవి. అందరూ ఫిట్స్ అనుకుని ఏళ్ళ తరబడి మాత్రలు మింగించారు. చివరికి ఇక్కడే బెంగళూరులో వీడియో ఈఈజీకి చేర్చాం. రెండో రాత్రి మంచం మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతూ వాలిపోయారు. ఎటాక్ వస్తే నొక్కమని ఇచ్చిన బటన్ నేను నొక్కాను.

మర్నాడు డాక్టరుగారు కంప్యూటర్‌లో ఆ ముక్క మాకు చూపించారు. ముందు కింద ఉన్న గుండె గీత తిన్నగా అయిపోయింది. కొన్ని సెకన్ల తర్వాత మెదడు గీతలు బద్ధకంగా సాగి, అవీ చదునయ్యాయి. అప్పుడు చేతులు అదిరాయి. గుండె మళ్ళీ కొట్టుకోగానే పైన గీతలన్నీ తిరిగి వచ్చాయి. అంటే గుండె ఆగి మెదడుకి రక్తం అందక వచ్చిన అదురు అది. అసలు ఫిట్స్ కానే కాదట. పేస్‌మేకర్ పెట్టారు. ఫిట్స్ మాత్రలు మెల్లగా మానిపించారు. మీ తమ్ముడికి ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), హోల్టర్ (ఒంటికి కట్టి రోజంతా గుండె గీత తీసే పెట్టె) చేశారా? చేయకపోతే ముందు అవి అడగండి.

లెక్కల మాస్టారు
నేను కొంచెం చేదుగా చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మా అబ్బాయిని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఉన్నన్నాళ్ళూ ఏమీ రాలేదు. బిల్లు మాత్రం వచ్చింది. ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా తిరగ్గొట్టారు. కేవలం పరీక్షల కోసం చేరితే ఇవ్వం అని పాలసీలోనే రాసి ఉంటుంది, మినహాయింపుల్లో 04 నంబరు, ‘ఇన్వెస్టిగేషన్ అండ్ ఎవాల్యుయేషన్’ అని. చేరకముందే ప్రీ ఆథరైజేషన్, అంటే ఇన్సూరెన్స్ వాళ్ళ ముందస్తు అనుమతి, అడగండి. మందులు మార్చడానికి, ఎటాక్ వస్తే చికిత్సకు అడ్మిషన్ తప్పనిసరి అని డాక్టరు చేత లెటర్ రాయించుకోండి. నోటిమాటలు నమ్మవద్దు.

తీగల పని
మాస్టారూ, అలా ఖాళీగా వెళ్ళేవాళ్ళు ఉన్నారు, కాదనను. రోజూ, లేదా వారంలో ఒకటి రెండుసార్లు వచ్చేవాళ్ళకి దొరికినంత తేలిగ్గా ఆరు నెలలకోసారి వచ్చేవాళ్ళకి దొరకదు. కానీ ఎటాక్ రాకపోయినా రాత్రి నిద్ర మొత్తం రికార్డవుతుంది. మెలకువలో దాక్కునే స్పైకులు (ఫిట్స్‌ని సూచించే మొనదేలిన గీతలు) కొందరిలో నిద్రలో బయటపడతాయి. రిపోర్టులో ‘నిద్రలో ఇంటరిక్టల్ డిశ్చార్జెస్’ (ఎటాక్ లేనప్పుడు కనిపించే అలాంటి గీతలు) అని ఏమైనా ఉందేమో ఒకసారి చూడండి.

ఇంకో దారి కూడా ఉంది: యాంబులేటరీ ఈఈజీ. తీగలు పెట్టి, చిన్న పెట్టె నడుముకి కట్టి ఇంటికి పంపేస్తారు. ఒకటి నుంచి మూడు రోజులు. ఖర్చు తక్కువ, ఇంట్లో మామూలుగా తిరగొచ్చు. అయితే చాలా చోట్ల కెమెరా ఉండదు, మందు తగ్గించరు, తీగ ఊడితే అతికించేవాళ్ళుండరు.

పీజీ హాస్టల్ అమ్మాయి
ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నాకు ఒళ్ళంతా కొట్టుకుంటూ చాలాసేపు ఉండేది. మందు పెంచుతూ పోయారు, తగ్గలేదు. వీడియో ఈఈజీలో పెద్ద ఎటాకే వచ్చింది, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాను. మెదడు గీతల్లో ఫిట్స్ జాడ లేదు. ఫంక్షనల్ సీజర్స్ అన్నారు, అంటే చూడ్డానికి ఫిట్స్‌లాగే ఉన్నా మెదడులో ఫిట్స్ కరెంటు లేకుండా వచ్చే ఎటాక్‌లు.

ఇంట్లో మా పిన్ని వెంటనే “అయితే ఇన్నాళ్ళూ నటించిందా?” అంది. డాక్టరుగారు ఆమెని కూర్చోబెట్టి చెప్పారు: ఇది నటన కాదు, ఆ అమ్మాయి చేతిలో లేదు, కాకపోతే ఫిట్స్ మందు దీనికి పనిచేయదు అని. ఇప్పుడు సైకాలజిస్ట్ దగ్గర కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీకి (ఆలోచనల తీరు మార్చుకోవడం నేర్పే చికిత్స) వెళ్తున్నాను, చాలా తగ్గింది. ఎవరికైనా ఈ పేరు రాసి ఇస్తే సిగ్గుపడకండి.

తీగల పని
రాసినందుకు థాంక్స్ అమ్మా. ఇలాంటి యూనిట్లకి వచ్చేవాళ్ళలో సుమారు 20 నుంచి 30 శాతం మంది ఈ కోవవాళ్ళే. కొందరికి రెండూ ఉంటాయి. అందుకే దొరికింది ఇంట్లో వచ్చే ఎటాక్ లాంటిదేనా అని తోడు వచ్చిన ఇంటివాళ్ళని మళ్ళీ మళ్ళీ అడుగుతాం.

తలంటు బాధితుడు
అందరికీ ఈ టెస్టు అక్కర్లేదని చెప్పడానికి వచ్చాను. మా వాడికి ఆదివారం తలంటు పోసినప్పుడే వచ్చేది. తల మీద వేడినీళ్ళు చెంబుతో గబగబా పోస్తుంటే చూపు నిలిచిపోయి, పలకరిస్తే పలికేవాడు కాదు. ఈఈజీ నార్మల్. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో డాక్టరుగారు కథంతా విని వేడినీళ్ళ మూర్ఛ అన్నారు. దక్షిణాదిలో, ముఖ్యంగా కర్ణాటకలో, ఇది ఎక్కువట, నిమ్హాన్స్‌వాళ్ళు దీని మీద ఏళ్ళుగా పరిశోధనలు చేశారు. గోరువెచ్చని నీళ్ళు చాలన్నారు, తలస్నానానికి ముందు మాత్రం ఒక మాత్ర రాశారు. మా అత్తగారు ఇప్పటికీ సలసల కాగకపోతే అది తలంటే కాదంటారు, ఆ గొడవ వేరు. ఏ పని చేస్తుండగా వస్తోందో రాసి పెట్టుకోండి.

మడివాళ అక్క
అందరికీ చాలా థాంక్స్. హోల్టర్ చేయలేదు, రేపే అడుగుతాను. మళ్ళీ వస్తే ఫోన్‌లో వీడియో తీయమన్నారు. ఏం తీయాలి? బండి నడపొచ్చా? పెళ్ళి సంబంధాలు చూస్తున్నాం, ఈ మాట బయటికొస్తే ఎలా అని అమ్మ భయం.

కె.ఆర్.పురం కోడలు
ముందు పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, తాళాలు అసలొద్దు. అయిదు నిమిషాలు దాటినా, తేరుకోకుండానే మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఇంకొకరు ఉంటే వాళ్ళని వీడియో తీయమనండి: ముఖం, కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, ఏ చెయ్యి ముందు కదిలింది. తేరుకున్నాక కూడా ఆపొద్దు. వెంటనే మామూలుగా మాట్లాడాడా, అయోమయంగా చూశాడా అన్నది డాక్టర్లకి చాలా ముఖ్యం. ముఖం పాలిపోయిందా, నాలుక పక్కన కొరుక్కున్నాడా కూడా చూడండి.

లెక్కల మాస్టారు
బండి వద్దు. లైసెన్సు కోసం ఇచ్చే ఫారం 1లో మూర్ఛ, హఠాత్తుగా స్పృహ తప్పడం ఉన్నాయా అని నేరుగా అడుగుతారు. ఏమిటో తేలేదాకా సిల్క్ బోర్డులో మెట్రో ఎల్లో లైన్ ఎక్కించండి, ఆఫీసుకి అదే తీసుకెళ్తుంది. పెళ్ళి సంగతి: మూర్ఛ ఉంటే పెళ్ళి చెల్లదనే నిబంధనను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. చట్టం మారినంత తేలిగ్గా చుట్టాలు మారరు, నిజమే. అయినా అసలు ఏమిటో తేలకముందే అమ్మగారు దాచే పని పెట్టుకోవడం ఎందుకు?

మడివాళ అక్క
వచ్చే వారం బెడ్ ఇస్తామన్నారు. ఏం తీసుకెళ్ళాలి? రాత్రి నేనే ఉంటాను.

తీగల పని
ముందురోజు తలకి షాంపూ పెట్టి స్నానం చేయించండి, నూనె మాత్రం రాయొద్దు. ముందు బొత్తాలున్న చొక్కాలు, తీగలతో టీషర్టు తలలోంచి తీయలేరు. ఇంట్లో వాడే మాత్రలన్నీ చీటీతో సహా తీసుకెళ్ళండి. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి తల పక్కన ఉంచొద్దు, కరెంటు అలజడి గీతల్లోకి వస్తుంది. చూయింగ్ గమ్ కూడా వద్దు, నమిలినంతసేపూ దవడ కండరాలే కనిపిస్తాయి.

ఎటాక్ వస్తే ముందు బటన్ నొక్కండి. దుప్పటి లాగేయండి, లైటు వేయండి, కెమెరాకి అడ్డం రాకండి. కంగారులో అందరూ మంచం మీదకి వంగుతారు, మాకు వాళ్ళ వీపులే రికార్డవుతాయి. నర్సు వచ్చి పేరు అడుగుతారు, చెయ్యెత్తమంటారు, “ఏనుగు” లాంటి ఒక మాట చెప్పి గుర్తుపెట్టుకోమంటారు. తర్వాత ఆ మాట అడిగి, అప్పుడు స్పృహ ఎంత ఉందో చూస్తారు. మీరు పక్కనుంచి అందించకండి. బాత్రూంకి వెళ్ళేటప్పుడు తలుపు గడియ పెట్టనివ్వకండి, మీరు బయట నిలబడండి.