కొండాపూర్ మ్యూజియంలో ఆదివారం: ఉపన్యాసమా, పిల్లల మట్టిపనా?

కోటగడ్డ_మిత్ర:
సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మ్యూజియంలో మా చరిత్ర బృందం ఒక ఆదివారం కార్యక్రమం పెట్టాలనుకుంటోంది. (హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ కాదు. మ్యాప్ సరిగ్గా చూసుకోకపోతే ఐటీ ఆఫీసుల మధ్య తేలతారు.) బృందంలో సగం మంది గంట ఉపన్యాసం కావాలంటున్నారు. మిగతావాళ్లు పిల్లల చేత బంకమట్టితో నాణేల అచ్చులు, బొమ్మలు చేయిద్దామంటున్నారు. పిల్లలతో వచ్చినవాళ్లు రెండు గంటలకు మించి ఉండరు కాబట్టి ఏదో ఒకటే పెద్దగా చేయగలం. నా ఓటు మట్టికే. మీరేమంటారు?

పాత_మాస్టారు:
నేను ఒప్పుకోను. ఇలాంటి సందడి ఒక మ్యూజియంలో చూశాను. పిల్లలు ముఖానికి రంగులు వేయించుకుని సమోసాలు తిని వెళ్లిపోయారు, గ్యాలరీలోకి అడుగే పెట్టలేదు. 1941-42లో యజ్దానీ గారి ఆధ్వర్యంలో నిజాం పురావస్తు శాఖ అక్కడ తవ్వితే వందల కొద్దీ శాతవాహన నాణేలు బయటపడ్డాయి. ఆయన దాన్ని టంకశాలల ఊరు, అంటే నాణేలు తయారుచేసే ఊరు అన్నారు. ఆ సంగతి ఎవరో ఒకరు నిలబడి చెప్పకపోతే పిల్లలకు గాజు పెట్టెల్లో కనపడేది తుప్పు బిళ్లలే.

కోటగడ్డ_మిత్ర:
మాస్టారూ, ముఖానికి రంగులు నాకూ వద్దు. కానీ మన ఉపన్యాసాలూ చూశాం కదండీ! మైకు అందుకోగానే "గ్రీకు రాయబారి మెగస్తనీసు చెప్పిన 30 ఆంధ్ర కోట నగరాల్లో ఇదొకటి" అంటారు. రోమన్ రచయిత ప్లినీ ద్వారా మనకు చేరిన ఆ మాటలో ఆ ఊళ్ల పేర్లే లేవు. అయినా చప్పట్లు పడతాయి, ఎవరూ అడగరు. అదే అచ్చు చేసే పిల్లాడైతే అడుగుతాడు: "కరిగిన లోహం ఒక్కో గుంటలోకి ఎలా వెళ్తుంది?" అప్పుడు గుంటల మధ్య సన్నని కాలువ గీయాలి. పోత నాణేలు అతుక్కుని వస్తే విడగొట్టాలి, అంచున చిన్న ముక్క మిగులుతుంది. అది తెలిశాక గాజు పెట్టె దగ్గరికి వాడే పరిగెత్తి అంచులు వెతుకుతాడు. అక్కడి తెల్లమట్టి బొమ్మలు కూడా రెండు అచ్చుల్లో చేసి అతికించినవే, లోపల డొల్ల. చేసి చూస్తేనే ఎందుకో తెలుస్తుంది. ఆ నాణేల్లో వాడిన సీసం మాత్రం పిల్లల దగ్గరికి రానివ్వం, మట్టే.

సింగూరు_గాలి:
మాది ఆ దగ్గరి ఊరే. మీ లెక్కలో మేం ఎక్కడున్నామన్నా? రెండు పక్షాలూ హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చే ఫ్యామిలీల గురించే మాట్లాడుతున్నారు. ఆ తవ్వకాలు జరిగిన కోటగడ్డ మా పిల్లలకు వట్టి దిబ్బ. వాన పడితే పూసలు, పెంకులు పైకి తేలతాయి, జేబులో వేసుకుంటారు. అది రక్షిత ప్రాంతమని, ఏదీ ఎత్తకూడదని, పెంకు దొరికిన చోటు పోతే దాని కథ సగం పోతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ముందు మా బడిలో ఆ మాట చెప్పండి. మట్టిపని నేర్పడానికి మా దగ్గర కుమ్మరులున్నారు, సిటీ నుంచి ట్రైనర్లు అక్కర్లేదు.

పాత_మాస్టారు:
ఇది బాగుంది. కానీ చూడండి, దీనికీ మాటే కావాలిగా!

టిక్కెట్_కౌంటర్:
మధ్యలో వస్తున్నా. శుక్రవారం మ్యూజియం సెలవు, ఆదివారమే మేలు. మే 18 మ్యూజియం దినోత్సవం అని మాత్రం పెట్టకండి, ఆ ఎండకు మట్టి కన్నా ముందు పిల్లలు ఎండిపోతారు. నవంబర్ 19 నుంచి 25 వరకు వారసత్వ వారోత్సవాలు, అప్పుడు చల్లగా ఉంటుంది. ఏఎస్‌ఐ (కేంద్ర పురావస్తు శాఖ) అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. తడి మట్టి గ్యాలరీలోకి అస్సలు వద్దు, ఆరుబయటే.

కోటగడ్డ_మిత్ర:
నవంబర్ ఖాయం. కుమ్మరులతో మాట్లాడతా, వాళ్లకు డబ్బు ఇవ్వాల్సిందే, "సేవ" అని తప్పించుకోం. బడికి ముందు రోజే వెళ్దాం. దిబ్బ మీదికి మాత్రం ఎవరినీ తీసుకెళ్లం. యాభై మంది ఎక్కితే పెంకులకు కాపలా ఎవరు కాస్తారు?

సింగూరు_గాలి:
దిబ్బ చూపకుండా కొండాపూర్ ఏంటన్నా? పది మందిని ఒక్కో జట్టుగా, మా ఊరి పెద్దపిల్లలను ముందు పెట్టి తీసుకెళ్లండి. ఇది నేను వదలను.

పాత_మాస్టారు:
జట్లకు నేనూ సరే. నాకు ఇరవై నిమిషాలు ఇవ్వండి. మైకు వద్దు, మెగస్తనీసు ఊసెత్తను.

కోటగడ్డ_మిత్ర:
పదిహేను, మాస్టారూ. అదీ మట్టిపని అయ్యాక.