జులై 4న మీ ఊళ్లో ఎవరిని తలుచుకుంటారు?

కొల్లేటి గట్టు:
మా ఉన్నత పాఠశాలలో ప్రార్థన అయ్యాక నల్లబల్ల మీద ‘ఈ రోజు విశేషం’ రాసే పని ఇరవై ఏళ్లుగా నాదే. జులై 4 వస్తే అల్లూరి సీతారామరాజు జయంతి అని రాసి, ఆయన 1897లో పాండ్రంగిలో పుట్టారనీ, ఇరవై ఏడేళ్లు నిండకుండానే 1924 మే 7న కొయ్యూరులో తుపాకీ గుళ్లకు బలయ్యారనీ పిల్లలకు చెప్పి ఊరుకునేవాణ్ని. కిందటేడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, జెండా రూపొందించిన పింగళి వెంకయ్యగారు 1963లో కన్నుమూసింది కూడా ఈ రోజే కదా, ఆయన పేరెందుకు రాయలేదు మాస్టారూ అని అడిగింది. నాకు తట్టలేదని ఒప్పుకున్నాను. ఈ తేదీన మీ వైపు ఎవరిని తలుచుకుంటారో దయచేసి రాయండి.

జనగామ వాసి:
మాకు జులై 4 అంటే దొడ్డి కొమురయ్య వర్ధంతి. 1946లో కడవెండిలో ఆంధ్ర మహాసభ సంఘం జనం కర్రలు పట్టుకుని విసునూరు దేశ్‌ముఖ్ గడి, అంటే కోటలాంటి దొర ఇల్లు, మీదుగా ఊరేగింపుగా పోతుంటే, దొర మనుషులు తుపాకులు పేల్చారు. కొమురయ్య అక్కడే నేలకొరిగారు. తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడు ఆయనే. మా తాతగారు ఈ సంగతి చెప్పేటప్పుడు తిన్నగా తుపాకీ దగ్గరికి వచ్చేవారు కాదు. ముందుగా గడిలో కూలి లేకుండా చేయాల్సిన వెట్టి పనులన్నీ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టి, రెండు చేతుల వేళ్లూ అయిపోయాక కాసేపు ఆగి, అప్పుడు కొమురయ్య పేరెత్తేవారు. మాస్టారూ, ఆ పేరు పెద్దక్షరాలతో రాయండి.

డల్లాస్ తెలుగు:
ఇక్కడ ఇది స్వాతంత్ర్య దినం. 1776లో ప్రకటన ఆమోదం పొందిన సరిగ్గా యాభై ఏళ్లకు, 1826 జులై 4న, దాన్ని రాసిన థామస్ జెఫర్సన్, దాని కోసం గట్టిగా వాదించిన జాన్ ఆడమ్స్, ఇద్దరూ కొద్ది గంటల తేడాతో మరణించారు. నన్ను అంతకన్నా కదిలించేది వివేకానందుల సంగతి. 1898లో కాశ్మీరులో ఉండగా, వెంట ఉన్న అమెరికన్ శిష్యుల కోసం ఆయన ఈ రోజు మీదే ఒక కవిత రాశారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1902లో, అదే తేదీన బేలూరు మఠంలో ముప్ఫై తొమ్మిదేళ్లకే దేహం చాలించారు. మా పిల్లలు బాణసంచా చూడటానికి బయల్దేరే ముందు ఈ ముక్క ఏటా చెబుతాను.

కొవ్వూరు అభిమాని:
మా కొవ్వూరులో 1961 జులై 4న పుట్టిన కీరవాణిగారిని మరిచిపోకండి. ‘ఆర్ఆర్ఆర్’లో అల్లూరి పాత్రకు సంగీతం కూర్చి, ఆ సినిమాలోని పాటకే 2023లో ఆస్కార్ అందుకున్నది అల్లూరి పుట్టినరోజునే పుట్టిన మనిషి!

కొల్లేటి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. అల్లూరి పేరు మా పిల్లలకు కంఠతా వచ్చు కాబట్టి, ఈసారి కొమురయ్యతో మొదలుపెట్టి, ఆ పక్కనే వెంకయ్యగారి పేరు ఆ అమ్మాయి చేతే రాయిస్తాను. అయితే మా తరగతి గోడకున్నది పాత రాష్ట్ర పటం, అందులో జనగామ జిల్లాయే లేదు. కడవెండి ఎక్కడుందని పిల్లలు అడిగితే ఏ దారి చూపించమంటారు?

జనగామ వాసి:
జనగామ నుంచి సూర్యాపేట వెళ్లే దారి మీద వేలు పెట్టి, దేవరుప్పుల దగ్గర ఆపండి మాస్టారూ. కడవెండి ఆ మండలంలోనే ఉంది.